పాటల పెట్టెకు పెట్టిన బొట్టు

ఆ రోజుల్లో పాట కావాలంటే ఎవరో ఒకరు నోరు తెరవాల్సిందే. కలుపు తీసేటప్పుడు పాట, విసుర్రాయి దగ్గర పాట, పిల్లను పడుకోబెట్టడానికి పాట. పాడే మనిషికి దగ్గొస్తే పాట కూడా అక్కడే ఆగిపోయేది. ఇప్పుడు నువ్వు వేలితో అలా తాకగానే ఫోను పాడుతుందే, ఆ మాయ మాకు నెలకొక్కసారి, అదీ ఒక్క పాట మేరకే దొరికేది. (నేను చెప్పేది ఉన్నదున్నట్టు రాయి బిడ్డా, నీ బడి మాటలు మధ్యలో ఇరికించకు.) ఆ ఒక్క పాట కోసం నేను చేసిన పని వింటే మా సంఘంలో ఇప్పటి పాస్టరు నవ్వుతాడో, నా కోసం ప్రార్థన పెడతాడో చెప్పలేను.

మాది గద్వాల. ఊరి చివర మా వాడ, అందులో క్రీస్తును నమ్ముకున్న కూలోళ్ల ఇళ్లు ఓ పది, వాటి మధ్య ఒక ప్రార్థన గుడిసె. మా అయ్యగారు, అంటే మాకు వాక్యం చెప్పే బోధకుడు, నెలకొకసారి వనపర్తి దిక్కు నుంచి వచ్చేవాడు. బీచుపల్లి రేవు దాకా బండి, అక్కడ కృష్ణ దాటడానికి పుట్టి పడవ, ఒడ్డెక్కాక మళ్లీ బండి. ఆయన ప్రసంగం మొదలుపెడితే మా పెద్దవాళ్లు కూర్చున్న చోటే కునికేవాళ్లు. పొలం పని చేసి వచ్చిన ఒళ్లు, పాపం, ఏం చేస్తారు? అందుకేనేమో ఒక ఆదివారం అయ్యగారు మిషన్ వాళ్లు ఇచ్చిన పాటల పెట్టెను మోసుకొచ్చాడు. గ్రామఫోను అనే పేరు మాకెవరికీ నోరు తిరగలేదు. ఉమ్మెత్త పువ్వు లాంటి పెద్ద బూర, పక్కన తిప్పే పిడి, పైన నల్లటి పళ్లెం. పిడి తిప్పి సూది పెట్టగానే ఒకావిడ ప్రభువును గురించి పాడింది. ఎలా పాడిందంటే, కునికే మా మేనత్త కూడా లేచి కొంగు సర్దుకుంది. నాకు అప్పుడు పదకొండేళ్లు. పెట్టె చుట్టూ తిరిగి కింద కూడా వంగి చూశాను.

"లోపట ఎవలున్నరు అయ్యగారూ?"

"ఎవ్వల్లేరు బిడ్డా."

"మరి గంత గట్టిగ పాడబట్టె, ఆమెకు బువ్వ ఎవలు వెడ్తరు?"

గుడిసెంతా నవ్వింది. అయ్యగారు కూడా నవ్వి, పళ్లెం తిరగేసి చూపించాడు. "దీనికి రెండో దిక్కు గూడ పాటున్నది. సూదులు దొర్కుతలేవు, ఒక్కసారికి ఒక్క దిక్కే. అది మల్ల నెలకు ఇందాం" అన్నాడు.

మళ్లీ నెలకు! ఆ నెల నాకు ఎలా గడిచిందో ఆ దేవుడికే తెలియాలి. పల్లీ చేలో కాయ పీకుతూ మొదటి వైపు పాటే పాడేదాన్ని. రెండో వైపు ఎలా ఉంటుందో ఊహించుకుని నా సొంత రాగం ఒకటి కట్టేదాన్ని. అంతకుముందు అమ్మ చెవి మెలేస్తే తప్ప మోకరించని దాన్ని, ఇప్పుడు దీపం పెట్టే వేళకు నా అంతట నేనే మోకాళ్ల మీద ఉండేదాన్ని. అమ్మ ఎంత సంబరపడిందో! ఒక రోజు దగ్గరికొచ్చి చెవి పెట్టి వింది.

"ప్రభువా, పాటల పెట్టెను సల్లగ జూడు. బీచుపల్లి కాడ పుట్టి మునగొద్దు. బండెడ్లకు రోగం రావొద్దు. పెట్టె మీద వాన వడొద్దు. అయ్యగార్ని గూడ జర జూడు. ఆమెన్."

"ఏమే, మీ చెల్లె కాలుకు పుండై నెల దినాలాయె, నడవలేకపోతుంది. దాని ముచ్చట యాడబాయె?" అంది అమ్మ.

"రేపు జేస్త తియ్" అన్నాను. ఆ రేపు చాలా రోజులు రాలేదు.

చివరికి ఆ ఆదివారం వచ్చింది. ఈసారి అయ్యగారమ్మ, అంటే అయ్యగారి భార్య, కూడా వచ్చింది. పెట్టెను చెక్కపీట మీద పెట్టారు. నేను బూరకు ఎదురుగా, అందరికంటే ముందు కూర్చున్నాను. అయ్యగారు పళ్లెం తిరగేసి పిడి తిప్పుతున్నాడు, తిప్పుతున్నాడు, లోపల 'ఠక్' మంది. పళ్లెం రెండు చుట్లు తిరిగి, జబ్బు చేసిన దున్నపోతులా ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది. అంతే, ఎంత కదిపినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. "లోపట తీగ తెగినట్టున్నది. పోనియ్యుండ్రి, నోటితోని పాడుకుందాం" అన్నాడు ఆయన నిమ్మళంగా.

నోటితోనా! నేను పెదవి విప్పలేదు. ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకుంటే నేను తెరిచి పెట్టెనే చూస్తూ కూర్చున్నాను. ప్రభువు మీద అలిగాను. నెల రోజులు మోకాళ్లు అరగదీసింది ఇందుకా అని.

కూడిక అయ్యాక అయ్యగారు మంచం పట్టిన ముసలాయన్ని చూడడానికి వెళ్లాడు, పెద్దవాళ్లూ వెంట వెళ్లారు. నేను బట్టలు నేసే సాలెల వీధికి పరుగెత్తాను. అక్కడ వీధి పొడుగునా నూలు పడుగు సాగదీసి గంజి పెడుతుంటారు. ఆ ఇళ్లలోకి మమ్మల్ని రానివ్వరు, కానీ వీధిలో నిలబడి మాట్లాడితే ఎవరూ ఏమీ అనరు. అలా దొరికిన స్నేహితురాలే కండెల పిల్ల. వాళ్ల నాన్న మగ్గానికి నూలు కండెలు చుట్టేది కాబట్టి నేను పెట్టిన పేరు.

"మీ మగ్గం మొండికేస్తే ఏం జేస్తరే?"

"ఏమున్నది, మా నాయిన కుంకుమ బొట్లు వెట్టి, టెంకాయ గొట్టి మొక్కుతడు. తెల్లారి సక్కగ నడుస్తది."

(మొక్కిన తర్వాత వాళ్ల నాన్న వడ్లాయన్ని, అంటే వడ్రంగిని, పిలిపించి మరమ్మతు చేయిస్తాడన్న ముక్క అది నాకు మూడు రోజుల తర్వాత చెప్పింది. మహానుభావురాలు!)

టెంకాయ లేదని అది ఒక ఎండుకొబ్బరి కుడుక, ఆకులో ఇంత కుంకుమ తెచ్చి నా చేతిలో పడేసింది. నేను గుడిసెకు వచ్చి బూరకు మూడు బొట్లు, పిడికి ఒకటి పెట్టాను. కుడుక ముందు పెట్టి మోకరించాను. మరి ఎవరికి మొక్కాలి? అది ఆలోచించలేదు. "ఓ పెట్టె తల్లీ, ఒక్కపారి పాడవే, నీ కాల్మొక్త" అని వేడుకుని, అలవాటు చొప్పున "యేసు నామమున ఆమెన్" అన్నాను.

వెనుక నుంచి ఎవరో "ఆమెన్" అన్నారు. తిరిగి చూస్తే గుమ్మంలో అయ్యగారమ్మ.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆమె తిట్టలేదు. వచ్చి నా పక్కన చతికిలబడి బొట్లు చూసింది, కుడుక చూసింది, నన్ను చూసింది.

"ఎవలికి మొక్కినవ్ బిడ్డా?"

"ప్రభువుకే."

"ప్రభువుకు బూర యాడున్నదే?"

నేను వేలితో ఒక బొట్టు చెరపబోతే అది ఇంకా అలుక్కుంది.

"మీ చెల్లె కుంటుతుంటే సూసిన. దాని కాలుకు గిట్లనే మొక్కినవా?"

అప్పుడు వచ్చింది ఏడుపు. పాట రానందుకు కాదు. చెల్లెలి పుండుకు ఒక్క కన్నీటి చుక్క రాల్చని దాన్ని, తెగిన తీగకు ఇంత చేశానే అని.

ఆమె నెమ్మదిగా అంది. "ఏడ్వకు. నా ముచ్చట గూడ ఇను. నిన్న ఏట్ల పుట్టి గుండ్రంగ తిరిగింది. అందరు ప్రభువా, ప్రభువా అన్నరు. నేను మా ఆయన చెయ్యి గూడ పట్టుకోలే, ఈ పెట్టెనే పట్టుకున్న. ఆయన ఇంక నాతోని సక్కగ మాట్లాడుతలేడు."

ఏడుస్తున్న నాకు నవ్వొచ్చింది, ఆమెకూ వచ్చింది. ఇద్దరం కొంగులు తడిపి బూర తుడిచాం. కుడుక విరిచి చెరో ముక్క తిన్నాం. "మా ఆయనకు జెప్పకు" అంది నములుతూ.

ఆ సాయంత్రం వేపాకు నీళ్లతో చెల్లెలి పుండు కడిగి, దాని పక్కనే మోకరించాను. అది నన్ను ఎగాదిగా చూసి, "ఏందక్కా, పెట్టె ఇంగ బాగ గాదంటనా?" అంది.

ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. దాని కాలు ఆ చలికాలానికి మానింది. పెట్టె మరమ్మతుకని పట్నం పోయి తిరిగి రాలేదు. ఆ తర్వాత అయ్యగారికీ వేరే ఊరు పడింది. నేను ఎన్ని రేడియోలు, ఎన్ని టీవీలు విన్నా, ఆ రెండో వైపున ఏ పాట ఉండేదో నాకు తెలియకుండానే ఇన్నేళ్లు గడిచిపోయాయి. ఒంటరిగా ఉన్నప్పుడు నేను కట్టుకున్న ఆ దొంగ రాగమే కూనిరాగం తీస్తుంటాను. చెల్లెలు పోయి కూడా మూడేళ్లయింది. ప్రభువు దగ్గరికి పోయాక ముందు దాని గురించే అడగాలని గట్టిగా అనుకున్నాను. నా చెల్లెలు ఎక్కడుంది ప్రభువా అని. ఆయన అదిగో అని చెయ్యి చూపించేదాకా ఆగి, దాన్ని కావలించుకుని, కాలు చూసి, ఆ తర్వాతే పాట సంగతి. అయితే నా సంగతి నాకు తెలియదా? ఆయన చెయ్యి ఎత్తే లోపలే నోరు జారి ఆ రెండో దిక్కు ముచ్చట అడిగేస్తానేమోనని, ఈ వయసులో కూడా నాకు నా మీద నమ్మకం లేదు.