ఫోటో కింద రాసిన మాట

నిన్న నేను చూసుకునే మా కాలేజీ లైబ్రరీకి బిజినెస్, ఎడ్యుకేషన్, సోషల్ సైన్స్ కొత్త పుస్తకాలొచ్చాయి. వలసల మీద రాసిన ఒకదానిలో పోలమ్మ ఫోటో కనిపించింది. గోపాల్‌పూర్ నుంచి హల్దియాపదర్‌లోని మా వీధికి చేపలు తెచ్చేది ఈమే. పుస్తకం రాసినాయనకు తెలుగు రాదు. ఆయన పోలమ్మతో మాట్లాడడానికి వచ్చినప్పుడు నేనే వెంట వెళ్ళి ఆమె మాటలు ఆయనకు ఒడియాలో చెప్పాను. ఆ సంబరంలో ఫోటో కింద ఏముందో కూడా చదవకుండా, ఈ ఉదయం పోలమ్మకు చూపించాను.

ఆమె చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని మరీ పుస్తకం పట్టుకుంది.

"కింద ఏటి రాసారు బాబూ?"

అప్పుడే చూశాను. "భర్త వలస వెళ్ళిన మహిళ" అని ఇంగ్లీషులో ఉంది.

ఆ రోజు ఆమె "మా ఆయన ఎల్లిపోనాడు" అంది. పడవ తిరగబడి పోయాడని మా వీధిలో అందరికీ తెలుసు. చచ్చిపోయాడనడానికి నోరు రాక, నేనూ ఒడియాలో "చాలిగలే", వెళ్ళిపోయాడు, అనే అన్నాను. పుస్తకం రాసినాయన, ఆమె భర్త ఊరు విడిచి వెళ్ళాడనుకున్నాడు.

సంగతి చెప్పి, దిద్దుతానని పెన్సిల్ తీశాను. పుస్తకాల్లో గీతలు గీసే పిల్లల్ని ఇన్నేళ్ళుగా తిట్టింది నేనే.

పోలమ్మ నా చేయి పట్టుకుని ఆపింది.

"ఉండనీ బాబూ. ఎలసెల్లినోడైతే ఎప్పుడో ఒకప్పుడు ఒస్తాడు కదా."

రేపు ఆ పుస్తకానికి నంబరు వేసి అల్మరాలో పెట్టాలి. తప్పు నాదే. మీరైతే దిద్దుతారా?