ఇరవయ్యోసారి

సిరిసిల్లలో మా పక్కింటి తాత పోయాడని నాన్న జగిత్యాలకు, మా హాస్టలుకు ఫోను చేశాడు. "కూసున్నకాడికెళ్లి లేసిండట బిడ్డా. గంతే," అన్నాడు. వార్డెనమ్మ చూస్తుండగా ఏడవలేకపోయాను. పొద్దున్నే బస్సెక్కాను.

తాతది గుంట మగ్గం. నేలలో మోకాళ్లు దాటిన లోతున గుంట ఉంటుంది. దాని అంచున కూర్చుని, కాళ్లు లోపలికి దించి, అడుగున ఉన్న రెండు చెక్కలను మార్చి మార్చి తొక్కుతూ నేయాలి. వాకిట్లోంచి చూస్తే నడుం కింద మనిషి లేనట్టు ఉండేవాడు. మా వాడ నిండా మరమగ్గాలు వచ్చాక ఆయనకు నూలు ఇచ్చేవాళ్లు లేకపోయారు. పని లేక మంచం మీదే కూర్చున్నాడు. రెండేళ్లలో తొడలు నా చేతులంత అయ్యాయి.

అప్పుడే ఒక పొద్దున పోలీసులు నక్సలైట్ అన్నల కోసం మా వాడకు వచ్చారు. అందరినీ బజారులో నిలబడమన్నారు. తాత కదలలేదు. మంచం కింద ఏదో దాచాడనుకున్నారు.

"లే ముసలోడా!"

"లేద్దామనే సూస్తున్న సారూ. కాళ్లు నా మాట ఇంటలెవ్వు."

మంచం ఎత్తి ఆయన్ని దొర్లించారు. కింద ఆయన చెప్పులున్నాయి. నేల మీదున్న తాతను నాన్నా ఇంకొకాయనా చంకల్లో చేతులేసి లేపారు.

 మూడు రోజుల తర్వాత తాత నాతో అన్నాడు: "పడేసినందుకు గాదు బిడ్డా. ఇద్దరు లేపిండ్రు సూడు, గందుకు."

అప్పట్లో సిరిసిల్లలోనే నేను చదివే కాన్వెంటులో మందులిచ్చే సిస్టరును అడగాలని మూడుసార్లు గేటు దాకా వెళ్లి తిరిగొచ్చాను. నాలుగోసారి అడిగాను. ఆమె వచ్చి తాత తొడలు నొక్కి చూసింది. "వయసు సగం తిన్నది తాతా. కూర్చోవడం సగం తిన్నది. ఆ రెండో సగం మళ్లీ తెచ్చుకోవచ్చు. రోజూ కూర్చో, లే. గుడ్డు తిను, పప్పు తిను."

కుర్చీ లేదు. తాతే గుంట చూపించాడు. బట్ట చుట్టే కర్ర తీసేసి, అంచున కూర్చుని, రెండు చేతులూ అటూ ఇటూ నేలకు ఆనించి లేచేవాడు. మొదటిరోజు మూడుసార్లు. లెక్కపెట్టడం నా పని, అదీ నోట్లోనే గొణుగుతూ.

"నీ గొంతు నీకన్న ఇనస్తదా బిడ్డా?" అనేవాడు. ఆయన భార్య, మా అందరికీ అవ్వ, పొయ్యి దగ్గర నవ్వేది.

నెలలు గడిచాక పందొమ్మిది దాకా వచ్చాడు. భుజాన ఇసుక మూట కూడా పెట్టుకున్నాడు. నేను ఇరవై అనబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగు. ఇరవయ్యోది చేతులు ఆనియ్యకుంట లేస్త. అది ఇయ్యాల గాదు." ఆ తర్వాత ప్రతిరోజూ పందొమ్మిది దగ్గరే ఆగాం. "కండ కూలోని అసొంటిది. పనిస్తెనే ఉంటది," అంటూ ఆ మిగిలినదానికి బదులు చెక్కలు తొక్కేవాడు.

మధ్యాహ్నాలు ఆ చప్పుడు మా గోడలోంచి వచ్చేది. నూలు లేదు, బట్ట లేదు, మగ్గం మాత్రం నడిచేది. అమ్మకు నచ్చేది కాదు. "పడుగు లేని మగ్గం తొక్కద్దు. మనం నెయ్యకుంటే ఇంకెవలన్న నేసుకుంటరు," అని దేవుడి దీపం ముందు గొణిగేది. ఒకరోజు చప్పుడు వింటూ బయటికొస్తే, తాత మా అరుగు మీద పుల్లతో పళ్లు కుట్టుకుంటున్నాడు. నేను లోపలికి వెళ్లి చూడలేదు. ఆయన్ని అడగనూలేదు.

పోలీసులు మళ్లీ వచ్చారు. వాళ్లు పిలవకముందే తాత వాకిట్లో నిలబడి ఉన్నాడు. వాళ్లు ఆయన వైపు చూడనైనా చూడలేదు. "చేతులు ఆనిచ్చే లేసిన. లెక్కల పట్టకు," అన్నాడు నాతో.

ఆ తర్వాత నేను చదువుకు జగిత్యాల హాస్టలుకు వెళ్లిపోయాను. ఇప్పుడు బస్సు దిగి వచ్చేసరికి అంతా అయిపోయింది. అవ్వ గోడకు ఆనుకుని ఉంది.

"గుంట అంచు అలికిన బిడ్డా. తడి మీద చేతులు పెట్టకు అని ఒర్రిన. పెట్టనన్నడు. జరసేపు తొక్కిండు. గంతల్నే దర్వాజ దిక్కు సూసి, 'ఆఁ, అస్తున్న' అన్నడు. పోలీసులు అచ్చిండ్రేమో అని నేను సూస్తే ఎవలు లేరు. లేసిండు. గడప దాక నడిసిండు. ఆడ కూసున్నడు."

"ఎవరు పిలిచారవ్వా?"

"ఏమో బిడ్డా. తెలిసినోన్ని సూసినట్టు నవ్విండు."

నేను లోపలికి వెళ్లాను. ఆ గదిలోకి అప్పటిదాకా ఎవరూ అడుగుపెట్టలేదట. ఇసుక మూట పక్కన ఉంది. గుంటలో ఒక చెక్క కిందికి దిగి ఉంది, రెండోది పైకి లేచి ఉంది.

"ఇరవై," అన్నాను. నా గొంతు నాకు వినపడింది.

అలికిన మట్టి ఆరిపోయింది. గుంట రెండు అంచులూ నున్నగా ఉన్నాయి. ఒక్క వేలిముద్ర కూడా లేదు.