గంగాళం కదలదు

ప్లాస్టిక్ పైపులను అతికించే జిగురుకు ముక్కు పట్టుకుని లాగే వాసన ఒకటి ఉంటుంది. మొన్న ఆదివారం పొద్దున, చాయ్ వాసన రావలసిన వేళకు, మా తార్నాక ఫ్లాటంతా ఆ వాసనే. చూస్తే బాత్రూమ్ గుమ్మంలో ప్లంబరు యాదగిరి చతికిలబడి, అట్టపెట్టెలోంచి ప్రెషర్ పంపును పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుతున్నాడు. మాది పై అంతస్తు. ట్యాంకు సరిగ్గా మా నెత్తిమీదే ఉండడంతో దూకే ఎత్తు చాలక, నీళ్లు షవరులోంచి సన్నగా కారతాయి. పంపు పెడితే "వాన కొట్టినట్టు కొడ్తది సార్" అని యాదగిరి హామీ. దానికి బాత్రూములో ఒక మూల కావాలి. ఆ మూలలో మా నానమ్మ ఇత్తడి గంగాళం ఉంది.

"గంగాళం తీస్తేనే పంపు పడ్తది మామయ్యా" అంది మా కోడలు శ్రీలత. "బాల్కనీల పెడ్దాం. మట్టి పోసి మల్లెచెట్టు పెడితే మస్తుగుంటది."

గంగాళంలో మట్టి! ఈ పంపు మీద నేను నెలల తరబడి యుద్ధం చేశాను. అన్నం మానేశాను. ఇల్లు వదిలి పోతానన్నాను. సరే, మానేసింది ఒక్క పూట, అదీ ఆ పూట ఉప్మా అని తెలిశాక; ఇల్లు వదిలి పోతానన్నది బాత్రూములో తలుపేసుకుని, నల్లా తిప్పి, ఎవరికీ వినపడకుండా. గంగాళం మాత్రం జరగదని అందరి ముందూ, గట్టిగానే అన్నాను.

శ్రీలతది తప్పని చెప్పను. పొద్దున్నే వంట చేసి, మెట్రో పట్టుకుని ఆఫీసుకు పోవలసిన మనిషి. తలంటుకున్న రోజున ఆ సన్నటి ధార కింద ఎంతసేపు నిలబడ్డా జుట్టులో నురగ పోదు. కానీ పంపు నీళ్లను తోస్తుంది గాని పుట్టించదు కదా! ట్యాంకర్ల మీద బతికే ఎండాకాలంలో, ఉన్న నీళ్లు ఇంకా తొందరగా అయిపోవడానికి ఒక మిషను కొనుక్కోవాలా? ఈ మాట నేను మర్యాదగా అనలేదు. "చిల్లు కుండకు మోటరా?" అన్నాను.

ఆ ఇత్తడి చల్లదనానికి అరచెయ్యి ఆనించి నిలబడితే చాలు, నేను మళ్లీ హాస్టళ్ల వెనక క్వార్టర్లలో ఉంటాను. యూనివర్సిటీ క్యాంపస్‌లో, రాతిగుట్టకు ఆనుకుని, మెస్సుల్లో పనిచేసేవాళ్ల కోసం కట్టిన పెంకుటిళ్ల వరుస అది. మా నాయన ఒక మెస్సులో సరుకుల గది చూసేవాడు. వాన పడితే గుట్టమీది నుంచి ఎర్రనీళ్లు మా గుమ్మాల ముందు వాగులు కట్టేవి, మట్టిలోంచి మఖమల్ ముక్కల్లాంటి ఆరుద్ర పురుగులు లేచి నడిచేవి. వానలు వెనకబట్టాక సీతాఫలాల పొదల్లో దూరి, కళ్లు విచ్చిన కాయలు తెంపి, బియ్యం బస్తాల మధ్య దాచి, మాగాయో లేదో అని నొక్కి నొక్కి చితక్కొట్టేవాళ్లం. బతుకమ్మ నాడు తంగేడు పూల కోసం రైలుపట్టాల దాకా పోయి, తిరిగొచ్చి నువ్వుల సత్తుపిండి నోటినిండా పోసుకుని, మాట్లాడబోయి పక్కవాడి మొహం మీదికి ఊదేవాళ్లం. చలికాలం వస్తే కాగు కింద ఎండుటాకుల మంట, ఆ పొగ వాసన పట్టిన వేడినీళ్లు. ఏ కాలం నీళ్లయినా చివరికి చేరేది ఈ గంగాళంలోకే.

నానమ్మ తన ఊరి నుంచి ఎడ్లబండి మీద తెచ్చుకున్నది. ఏనుగు పిల్ల అందులో కూర్చుని స్నానం చెయ్యవచ్చు. ఏనుగు పిల్ల పట్టదు లెండి, నేను పట్టేవాణ్ని. ఖాళీగా ఉన్నప్పుడు అది నా ఓడ. అందులో కూర్చుని, గుట్ట వాలు మీదుగా తార్నాక చౌరస్తా దాకా ప్రయాణం చేశానని మా మనవరాలికి ఎన్నోసార్లు చెప్పాను. నిజానికి ఆ ఓడ మా వాకిలి కూడా దాటలేదు. మెట్టు మీది నుంచి బోర్లాపడి రాయికి కొట్టుకుంది. ఆ సొట్ట ఇప్పటికీ ఉంది, నా బొటనవేలు సరిగ్గా అందులో కూర్చుంటుంది. ఆ రోజు నానమ్మ చిట్లిన నా నుదురు చూడకముందు గంగాళం చూసింది.

వరుసకంతా ఒక్కటే నల్లా. అమ్మ బిందెలతో మోసేది, నానమ్మ గంగాళం పక్కన పీట వేసుకుని రాజ్యం చేసేది. మొహానికి ఒక చెంబు, కాళ్లకు అర చెంబు. స్నానానికి ఎన్ని అనేది ఆ రోజు మేం చేసిన వెధవపనులను బట్టి. బియ్యం కడిగిన నీళ్లు పుదీన మడికి, ఒళ్లు కడిగిన నీళ్లు కరివేపచెట్టుకు. వీటన్నిటికీ మించిన కట్టడి ఇంకొకటి ఉండేది: గంగాళం అడుగున ఎప్పుడూ ఒక చెంబు నీళ్లు మిగలాలి. ఎంత మట్టి కొట్టుకుని వచ్చినా ఆ అడుగు చెంబు ముంచడానికి వీల్లేదు.

"ఎవలకు అత్తా, అవి?" అని అమ్మ విసుక్కునేది.

"ఎనుకొచ్చెటోల్లకు" అనేది నానమ్మ.

ఆ వెనకొచ్చేవాళ్లెవరో మాకెవరికీ తెలియదు. ఒక ఎండాకాలం తెలిసింది. నల్లా నెలరోజులు ఎండిపోయింది. క్యాంపస్ క్యాంపసంతా మా గంగాళం ముందు బారులు తీరింది. నెల కాదు, రెండు మూడు రోజులేనేమో. బారు కూడా లేదు, వచ్చింది ఒక్కరే. ఆవిడ కామేశ్వరమ్మగారు, గుట్ట అవతల బంగళాలో ఉండే లెక్చరరుగారి భార్య, కాకినాడ వైపు మనిషి. వాళ్లింటి మిద్దె మీద ట్యాంకు, స్నానాల గదిలో షవరు. సెలవులకు వచ్చిన చుట్టాల పిల్లలు ఆ షవరు కింద ఎగిరెగిరి ట్యాంకు ఖాళీ చేశారు. మళ్లీ నింపుదామంటే నల్లా లేదు. ఆవిడ చేతిలో గిన్నెతో, చెమటకు అంటుకున్న ముంగురులతో మా గుమ్మం ముందు నిలబడ్డారు.

"కాసిని మంచినీళ్లుంటాయాండీ? చంటివాడికి పాలు కలపాలి."

మా మంచినీళ్ల కడవ కూడా ఖాళీయే. నానమ్మ గంగాళంలోకి నడుము దాకా వంగింది. చెంబు అంచు ఇత్తడి అడుగును గీరిన చప్పుడు నేను పుట్టాక అదే మొదటిసారి వినడం; పళ్లు జివ్వుమన్నాయి. ఆ నీళ్లను గుడ్డతో వడగట్టి గిన్నెలో పోసి, "కాగబెట్టి తాపియ్యి బిడ్డా" అంది.

కామేశ్వరమ్మగారు గిన్నెకు కొంగు కప్పుకుని నవ్వారు. "మేం విదేశం వెళ్లినప్పుడు ఓడలో ఇలాగేనండీ. చుట్టూ సముద్రం, మంచినీళ్లు మాత్రం కొలిచి పోసేవారు. ఒంటికి ఉప్పునీళ్లే."

"ఉప్పునీళ్లతోని తానమా? సబ్బు నురగొస్తదా?"

"రాదండీ."

"అయితే మాది గూడ ఓడనే" అంది నానమ్మ. "కదల్దు, గంతే."

నల్లా మళ్లీ వచ్చి ట్యాంకు నిండాక, ఆవిడ నానమ్మను తమ ఇంట్లో షవరు స్నానం చేసి తీరాలని పట్టుబట్టారు. నానమ్మ తన చెంబు చంకన పెట్టుకుని బయలుదేరింది. నేను బంగళా వెనక మెట్ల మీద కూర్చున్నాను. లోపల షవరు తిప్పిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ధార చప్పుడు మారి, చెంబులో బుడబుడమంది, ఆగి, దభాలున నీళ్లు పోసుకున్న చప్పుడు. మళ్లీ బుడబుడ, మళ్లీ దభాలు.

"అయ్యో, చెంబెందుకండీ? ఊరికే కింద నిలబడండి చాలు!" అన్నారు కామేశ్వరమ్మగారు తలుపు బయటి నుంచి.

"నిలవడ్డ గద. చెంబు నిండుతున్నది, ఆగుండ్రి!"

బయటికొచ్చి, తడిజుట్టు ముడేసుకుంటూ నానమ్మ తీర్పు చెప్పింది: "వానల తడిసినట్టున్నదమ్మా. తడుసుడు తానమైతదా? మనం పోసుకోవాలె గని." కామేశ్వరమ్మగారు గోడ పట్టుకుని నవ్వారు, నానమ్మ కూడా నవ్వింది. ఆ కథకు నేను నానారకాల తోకలు తగిలించి హాస్టళ్లన్నీ తిరిగి చెప్పాను.

నవ్వనిది మా అమ్మ ఒక్కతే. సాయంత్రం పొయ్యి ముందు కూర్చుని, కుడి భుజానికి ఆముదం రుద్దుకుంటూ, "తిప్పితే దానంతటదే వస్తదా? మోసుడే ఉండదా?" అని నన్ను మళ్లీ మళ్లీ అడిగింది. గంగాళం గొప్పలు ఇంతసేపు చెప్పిన నేను దాంట్లోకి ఒక్క బిందె మోసినవాణ్ని కాదు. మా అమ్మ బతికుంటే యాదగిరి తెచ్చిన పంపుకు పసుపు కుంకుమ పెట్టి లోపలికి పిలిచేది.

అయినా సరే, నేను ఒప్పుకోను. అమ్మ భుజం కోరింది ఇంట్లోకి నల్లా. అది వచ్చి ఎన్నో ఏళ్లయింది, ఆ నల్లాకు నేనూ దండం పెడతాను. పంపు చేసేది వేరే పని. ఎన్ని నీళ్లు పోతున్నాయో మన చేతికి తెలియకుండా చేస్తుంది.

అందుకే శనివారం సాయంత్రం ట్యాంకరు రాగానే, ఎవరూ చూడకుండా గంగాళాన్ని అంచుదాకా నింపి పెట్టాను. ఆదివారం యాదగిరి దాని చెవులు రెండూ పట్టుకుని లాగాడు. నీళ్లు అటూ ఇటూ ఊగాయి గాని గంగాళం కదలలేదు. "ఒక చెయ్యెయ్యండి సార్" అన్నాడు. నా నడుము సరిగ్గా అప్పుడే పట్టేసింది.

"పారబొయ్యాలె మేడమ్, లేకుంటె కాదు."

శ్రీలత మగ్గు తీసుకుంది. ముంచింది. నేను నీళ్లు పోయే మోరి వైపు చూశాను. కింద సందులో ఎవరో ట్యాంకరు డ్రైవరును ఫోనులో బతిమాలుతున్నారు: "అన్నా, జర జల్దీ రావే." శ్రీలత వారాసిగూడ పిల్ల, ట్యాంకరు వెంట బిందె పట్టుకుని ఉరికి పెరిగిన పిల్ల. మగ్గు మోరి దాకా పోయి, వంగకుండా, వెనక్కి వచ్చి గంగాళంలోనే పడింది.

"కావాలనే నింపిన్రు గద మామయ్యా?"

"నిన్న ట్యాంకరొచ్చింది కదమ్మా."

నన్ను ఒక చూపు చూసి, "యాదగిరీ, గోడకు స్టాండు కొట్టు. పంపు పైన పెట్టు" అంది.

ఇప్పుడు పంపు గోడ మీద తుమ్మెదలా రొద చేస్తోంది, శ్రీలత జుట్టులో నురగ మిగలడం లేదు. నేను దాన్ని ముట్టనే ముట్టనని శపథం చేశాను. రెండు రోజులు... ఒక రోజు నిలబడ్డాను. నడుము మీద ఆ ధార పడితే హాయిగానే ఉంటుంది, దాచడమెందుకు? గంగాళం కూడా నేను తువ్వాలు వెతుక్కునే లోపు నిండుతోంది. ఇది లొంగిపోవడం కాదు. శత్రువు చేత నీళ్లు మోయిస్తున్నాను.

క్వార్టర్ల వరుస ఇప్పుడు లేదు. నల్లా ఉన్నచోట బైకులు నిలబెడుతున్నారు. గుట్టను సగం చెక్కేశారు, కామేశ్వరమ్మగారి బంగళా ఎక్కడుండేదో నాకే గుర్తుపట్టరాదు. సీతాఫలాలు మెట్రో మెట్ల కింద బండి మీద దొరుకుతాయి, అవి ఎవరూ నొక్కకుండానే మాగి ఉంటాయి. మా అపార్టుమెంటులో అందరికీ మగ్గులే, చెంబుతో పోసుకునేవాణ్ని నేనొక్కణ్నే.

ఇవాళ కూడా షవరు తిప్పి, దాని కింద చెంబు పట్టి నిలబడ్డాను. బుడబుడ, దభాలు. తలుపు మీద దబదబ.

"పంపు మోగుతనే ఉన్నది, నీళ్ల సప్పుడు ఆగి ఆగి వస్తున్నది. మళ్ల చెంబేనా మామయ్యా?"

"చెంబే!" అని అరిచి, ఇంకో చెంబు నెత్తిన గుమ్మరించుకున్నాను.