వద్దన్నా వడ్డించిన పేరు

కోమల గురించి బహ్రెయిన్ రాజధాని మనామాలోని తెలుగువాళ్ళు చెప్పుకున్న మాటల్లో చాలావరకు నిజం కాదు. ఒక పూట ఉచిత భోజనానికి ఆశపడి పరమేశ్ అనే వంటవాణ్ణి పట్టించిందన్నారు. ఆ భోజనానికి డబ్బు కట్టింది ఆమె భర్త వెంకటరమణ. కోస్తా మనిషి గనుక తెలంగాణవాణ్ణి చులకన చేసిందన్నారు. ఆమె రాసిన వ్యాసంలో పొగడ్త తప్ప మరొకటి లేదు. చదివినవారు ఆ మాట అనలేరు. ఆమెను వెనకేసుకొచ్చినవాళ్ళేమో, పేరు రాయమని పరమేశే వెంటపడ్డాడన్నారు. అన్నిటికంటే పెద్ద అబద్ధం అదే.

కోమల ఒక బీమా కార్యాలయంలో ఉద్యోగం చేసేది. తెలుగు సంఘం వారి అంతర్జాల పత్రికలో ‘దొరగారి కంచం’ అనే శీర్షిక రాసేది. నగరంలో ఇంగ్లీషు తిండి దొరికే చోట్లన్నీ తిరిగి, తిన్నది తిన్నట్టు చెప్పేది. మెదిపిన బఠాణీలు ఉప్పు మరిచిన పప్పులా ఉన్నాయనీ, యార్క్‌షైర్ పుడ్డింగును తీపి అనుకుని చివరికి దాచుకుంటే అది మాంసం పులుసులో ముంచుకు తినే పొంగిన పిండి అని తేలిందనీ ఆమె రాస్తే జనం పడీపడీ నవ్వారు.

అన్నిటికంటే పేరు తెచ్చిన వ్యాసం ఆమె పై అధికారిణి ఇంటి విందు గురించినది. ఆ ఇంగ్లీషావిడ రెండోసారి కోడిమాంసం పళ్ళెం తిప్పితే, ఆకలి తీరకపోయినా కోమల మర్యాదకు “వద్దండీ, చాలు” అంది. ఆవిడ సరేనని పళ్ళెం లోపలికి తీసుకుపోయింది. కోమల ఇంటికొచ్చి ఆవకాయన్నం తిని పడుకుంది. ‘మన ఇళ్ళలో మూడో వద్దుకు గానీ గరిటె ఆగదు. దొరసానికి మొదటి వద్దే ఆఖరి వద్దు. పాపం, వాళ్ళకు మొహమాటం చదవడం రాదు’ అని రాసింది. ఆమె స్వయంగా, విస్తరికి చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోసే మనిషి. అందులో ఆమెకు గర్వం కూడా ఉండేది.

ఆ చలికాలం ఒక శుక్రవారం దంపతులిద్దరూ హూరా పేటలోని ఒక ఇంగ్లీషు భోజనశాలకు వెళ్ళారు. కాల్చిన గొర్రెమాంసం, దాని పక్కన పుదీనా పచ్చడి వచ్చాయి. కోమల ఒక చెంచా నాలుక మీద వేసుకుని ఆగిపోయింది.

“ఏమండీ, ఇది వెనిగర్ పులుపు కాదు. చింతపండు! లోపల మనవాడెవడో ఉన్నాడు.”

“ఉంటే ఉన్నాడు. చల్లారకముందే తిను.”

ఆమె వడ్డించేవాణ్ణి పిలిచి వంటమనిషిని చూడాలంది. అతను బయటికి రాడని జవాబొచ్చింది. మళ్ళీ కబురు పెట్టింది. చివరికి వంటింటి తలుపు తెరుచుకుని, ముప్పై అయిదేళ్ళ మనిషి ఒకడు, కుడి భుజం కొంచెం దించుకుని, తలుపు దగ్గరే నిలబడ్డాడు.

“ఏ ఊరు బాబూ మనది?”

“కోరుట్ల దిక్కమ్మా.”

“పేరు?”

“పరమేశ్.”

“దొరల పచ్చడిలో చింతపండు వేశావు కదూ?”

అతడి ముఖం విచ్చుకుంది. “ఒకనాడు వెనిగర్ అయిపోయిందమ్మా. జరంత పులుసు పోసిన. ఇంక దొరలు గదే కావాలంటున్రు. సేటుకు చెప్పకుండ్రి.”

“చెప్పను. లోకానికే చెబుతాను! నీ గురించి మా పత్రికలో రాస్తా.”

విచ్చుకున్న ముఖం ముడుచుకుపోయింది. “నా పేరెందుకమ్మా? వద్దు. హోటల్ పేరు రాయుండ్రి, సాలు.”

“ఇదుగో, ఇటు చూడు” అంటూ ఆమె ఫోను ఎత్తింది.

“ఫోటో వద్దమ్మా” అంటూ అతడు పక్కకు తిరిగాడు. అప్పటికే ఫోటో పడింది.

కారులో వెంకటరమణ అన్నాడు: “వద్దన్నాడు కదా కోమలా.”

“మొహమాటమండీ. అడగ్గానే ఊఁ అంటారా మనవాళ్ళు? రేపు ఊళ్ళో అందరికీ చూపించుకుంటాడు చూడండి.”

పరమేశ్ బహ్రెయిన్ వచ్చింది వంట చేయడానికి కాదు. అస్కర్‌లో ఒక కాంట్రాక్టరు దగ్గర ఇనుప గొట్టాలు మోసే పనికి వచ్చాడు. ఒకరోజు గొట్టం జారి భుజం చెదిరింది. అది మళ్ళీ సరిగా అతకలేదు. బరువు లేని పని ఇవ్వమని అడిగితే ఇవ్వలేదు. ఒక తెల్లవారుజామున క్యాంపు వదిలి నడిచి వెళ్ళిపోయాడు. వీసా ఇచ్చి రప్పించిన యజమాని, అంటే అతడి కఫీల్, తన మనిషి పారిపోయాడని ఫిర్యాదు రాయించాడు. కాగితాలు లేకుండా పనిచేయడం తప్పే. అది అతడికీ తెలుసు, భోజనశాల యజమానికీ తెలుసు. కానీ ఆ భుజంతో అతడు ఎత్తగలిగింది గరిటె ఒక్కటే. ఇంటి దగ్గరైనా కూలికి పిలిచేవాళ్ళు లేరు. అందుకే వంటింటి గడప దాటేవాడు కాదు.

వ్యాసం వచ్చింది. మనిషి పేరు, ఊరు, భోజనశాల, ఫోటో అన్నీ ఉన్నాయందులో. తెలుగువాళ్ళ ఫోన్లన్నిటా తిరిగింది. వారం తిరక్కుండానే తనిఖీవాళ్ళు వచ్చి పరమేశ్‌ను తీసుకెళ్ళారు. భోజనశాలకు ఫోను చేసినప్పుడు కోమలకు ఈ సంగతి తెలిసింది. అస్కర్ క్యాంపు సూపర్‌వైజరు నాగేంద్రబాబే ఫోటో గుర్తుపట్టాడని కూడా చెప్పారు. ఆమె నేరుగా అస్కర్ వెళ్ళింది.

నాగేంద్రబాబు దాచలేదు. “అవునమ్మా, నేనే చెప్పాను. పారిపోయినవాడు కనబడితే చెప్పడం నా డ్యూటీ. చెప్పకపోతే రేపు నా మీదికొస్తుంది.”

“మన తెలుగువాడు కదయ్యా! కాస్త కళ్ళు మూసుకోలేకపోయావా?”

“మూసుకునే ఉన్నానమ్మా ఇన్నాళ్ళూ. వాడు హూరాలో ఉన్నాడని గాలివార్త నాకూ తెలుసు. ఎప్పుడైనా వెతికానా? మా కఫీల్ ముందు మీరు వేసిన ఫోటో పెట్టారెవరో. ‘వీడేనా?’ అని నన్నడిగాడు. కాదనమంటారా?”

కోమల కారెక్కి మనామా తిరిగొచ్చింది.

ఆమె తెలిసినవాళ్ళందరినీ పట్టుకుంది, వకీలును కలిసింది. ఫలితం లేకపోయింది. మళ్ళీ ఈ దేశంలో అడుగుపెట్టే వీలు లేకుండా అతణ్ణి పంపించేస్తున్నారు. విమానం ఎక్కించే ముందు అతడితో ఒక్కసారి ఫోనులో మాట్లాడనిచ్చారు.

“పరమేశ్, నేను మంచికే రాశాను బాబూ.”

“ఎర్కనే అమ్మా. మంచిగనే రాసిండ్రు. మా మల్లిక సుత చదివిందట.” మల్లిక అతడి భార్య. మళ్ళీ అన్నాడు: “కానీ నేను వద్దన్న గదమ్మా.”

“మీ ఇంటికి ఏదైనా పంపిస్తాను. మల్లికకు ఏం కావాలో చెప్పు, కాదనకు.”

“వద్దమ్మా. ఏం పంపకుండ్రి.”

ఫోను పెట్టేశాక ఆమెకు అనుమానం పట్టుకుంది. ఈ వద్దు మొహమాటమా, నిజంగా వద్దా? ముప్పై ఏళ్ళుగా ప్రతి విస్తరి దగ్గరా ఆ తేడా తనకు తెలుసనుకుంది. ఇప్పుడు తెలియలేదు. ఏమీ పంపలేదు. కొందరు దాన్ని కూడా పిసినారితనమన్నారు.

తరువాతి నెల ‘దొరగారి కంచం’లో వంటకం ఏదీ లేదు. అతడు వద్దన్నాడనీ, తాను రాశాననీ మాత్రం ఉంది. ఆ తరువాత ఆ శీర్షిక రాలేదు. ఆ ఒప్పుకోలు ఆమెకు గౌరవం తెచ్చింది. దానివల్ల పరమేశ్‌కు ఒరిగిందేమీ లేదు. హూరాలో ఇప్పుడు పుదీనా పచ్చడిలో వెనిగరే పోస్తున్నారు.

కోమల పరమేశ్‌ను అమ్ముకోలేదు, పట్టించలేదు, చులకన చేయలేదు. బయటికి రానన్నాడు, పేరు వద్దన్నాడు, ఫోటో వద్దన్నాడు. మూడూ ఆమె చెవిన పడ్డాయి. వాటిలో ఒక్కదాన్నీ నమ్మకుండా రాసింది. ఆమె చేసింది అది.