లక్ష్మణమ్మ నంబరు

కళింగపట్నంలో చేపల వేటకెళ్ళే మగాళ్ళ ఫోన్లకి ఆయుష్షు తక్కువ. ఉప్పునీళ్ళు తగిలి పాడైపోతాయి, లేదంటే జేబులోంచి జారి సముద్రం పాలవుతాయి. ఫోనుతో పాటు నంబరూ మారుతుంది. అందుకే ఎల్లాజీతో ఎవరికి పని పడినా అతని భార్య లక్ష్మణమ్మకే ఫోను చేసేవారు. 2010లో శ్రీకాకుళంలో రోడ్డు పక్కన గొడుగు కింద కూర్చుని సిమ్ములు అమ్మేవాడి దగ్గర కొన్న నంబరది. ఎండుచేపల తట్ట ఎత్తుకుని ఏ ఊరు వెళ్ళినా ఆ ఫోనుని ప్లాస్టిక్ కవరులో చుట్టి రవికలో దోపుకునేది. అయిదేళ్ళలో ఒక్కసారి కూడా నంబరు మార్చలేదు.

మార్చకపోవడానికి కారణం గోవింద్, ఆమె తమ్ముడు.

తల్లి పోయేనాటికి గోవింద్‌కి రెండేళ్ళు. లక్ష్మణమ్మ కాపరానికి వచ్చినప్పుడు ఆమె చంకనెక్కి వాడూ వచ్చాడు. తర్వాత ఆమెకి పిల్లలు కలగలేదు. తమ్ముడే కొడుకయ్యాడు. ఎల్లాజీ కూడా వాణ్ణి బాగానే చూశాడు. ఈత నేర్పాడు, వల అల్లడం నేర్పాడు, ఈడు రాగానే తన బోటులోనే ఎక్కించుకున్నాడు. 2012లో ఒకనాడు గోవింద్ పరాకు వల్ల కొత్త వల నీళ్ళలోని రాళ్ళకి తగులుకుని చీలికలైపోయింది. ఒడ్డుకి రాగానే పదిమంది చూస్తుండగా ఎల్లాజీ వాడి చెంప పగలగొట్టాడు. వారం తిరక్కుండా వాడు గుజరాత్‌లోని వెరావల్‌కి వేటకెళ్ళే జట్టులో కలిసి రైలెక్కేశాడు.

అక్కడ వాడికి సొంత ఫోను లేదు. ఏడాదికి మూడు నాలుగుసార్లు ఎవరి ఫోనో అడిగి తీసుకుని చేసేవాడు. ఆ నంబరొక్కటే వాడికి నోటికి వచ్చు. ఎల్లాజీ ఎత్తితే మాట్లాడకుండా పెట్టేసేవాడు. లక్ష్మణమ్మ ఎత్తితే మాత్రం "అప్పా" అనేవాడు. మా వైపు అక్కని అలాగే పిలుస్తాం.

2015 వేసవి. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం వేట ఆపించే నిషేధం రోజులు. ఎల్లాజీ తన పాత బోటు ఇంజిన్ అమ్మేద్దామనుకున్నాడు. మేనల్లుడు ఈశ్వర్ శ్రీకాకుళంలో సెల్‌ఫోన్ల షాపులో పనిచేసేవాడు. వాడు వచ్చి ఇంజిన్‌కి నాలుగు పక్కలా ఫోటోలు తీశాడు.

"మావా, యాప్‌లో పెట్టీమంటే ఇచ్చాపురం నుంచి బీమిలీ దాకా అందరూ సూస్తారు. నంబరేటి పెట్టమంటావు?"

ఎల్లాజీ ఫోను అప్పటికి వారం కిందటే నీళ్ళలో పోయింది. "మీ అత్త నంబరు పెట్టు" అన్నాడు.

"నంబరు అందరికీ కనిపించాలా, దాసీమంటావా? దాసీసినామంటే కొనేటోలు ముందు మెసేజి పెడతారు. మనం సూసుకుని, నమ్మకం కుదిరినోలికే నంబరు ఇవ్వొచ్చు."

"ఆ మెసేజులు సదివేదెవులు, రాసేదెవులు? కనిపించేటట్టే పెట్టు."

లక్ష్మణమ్మ పక్కనే ఎండలో చేపలు తిరగేస్తోంది. ఆమెని ఎవరూ అడగలేదు. ఊరి బడిలో పనిచేసే నాకు ఎల్లాజీ ఈ కథంతా చాలాకాలం తర్వాత చెప్పాడు. చెబుతూ చెబుతూ ఇక్కడ ఆగిపోయాడు. "దాన్ని అడగాలని తోసనేదు మాస్టారూ. ఇంట్లో ఫోనే కదా అనుకున్నాను."

నాలుగోనాడే భావనపాడు నుంచి ఒకాయన వచ్చి ఇంజిన్ పట్టుకుపోయాడు. ఆ ప్రకటన తీసేయాలని మాత్రం ఎవరికీ గుర్తులేదు. ఫోన్లు వస్తూనే ఉన్నాయి.

మొదట్లో అందరూ ఇంజిన్ కోసమే చేశారు. "అమ్ముడైపోనాది బావూ" అని లక్ష్మణమ్మ చెప్పేది. ఆడగొంతు విన్నవాళ్ళలో కొందరు మళ్ళీ చేశారు. ఇంజిన్ పోతే పోయింది, నీ పేరేటన్నాడు ఒకడు. ఇంకొకడు ఫోటో పంపమన్నాడు. చేపల బేరంలో వందమందికి జవాబు చెప్పే మనిషి ఆమె, ఊరుకుంటుందా? నోరారా తిట్టేది. ఆ తిట్లు వినడానికే చేసేవాళ్ళు కొందరు తయారయ్యారు.

"తెలీని నంబరైతే ఎత్తకు" అనేవాడు ఎల్లాజీ.

"గోవిందు సేసీవన్నీ తెలీని నంబర్లే కదా మావా" అనేది ఆమె.

నిషేధం అయిపోయి బోట్లు మళ్ళీ దిగాయి. జూలైలో ఒక మధ్యాహ్నం ఒడ్డున ఇద్దరూ వలలు సర్దుతున్నప్పుడు పక్కన పెట్టిన ఆమె ఫోను మోగితే ఎల్లాజీయే ఎత్తాడు. అవతలివాడు నవ్వి, "నీకెందుకు, మీ ఆవిడికియ్యి, ఆవిడైతే బాగా మాటాడతాది" అన్నాడు. ఫోను గొంతు పెద్దది. చుట్టూ ఉన్నవాళ్ళు విన్నారు. ఎవరో నవ్వారు కూడా.

ఎల్లాజీ ముఖం నల్లబడిపోయింది. "నువ్వు ఎత్తి మాటాడతన్నావు గనకే సేస్తన్నారు!" అని అందరి ముందూ ఆమె మీద విరుచుకుపడ్డాడు.

"నంబరు లోకమంతటికీ ఇచ్చింది నానా, నువ్వా?"

ఆ మాటతో అతనికి ఒళ్ళు తెలియలేదు. ఫోను వెనక మూత ఊడబీకి సిమ్ము బయటికి తీశాడు.

"మావా, ఒద్దు. గోవిందుకి ఆ నంబరొకటే తెలుసు. నీ కాళ్ళట్టుకుంటాను మావా!"

సిమ్ముని పళ్ళ మధ్య పెట్టి విరిచి నీళ్ళలోకి ఉమ్మేశాడు.

మర్నాటికే అతనికి తెలిసొచ్చింది, తనెంత పని చేశాడో. బస్సెక్కి శ్రీకాకుళంలో ఫోను కంపెనీ ఆఫీసుకి వెళ్ళాడు. అదే నంబరు మళ్ళీ ఇమ్మని అడిగితే, వాళ్ళు చూసి ఈ సిమ్ము మీ ఆవిడ పేరున లేదు, ఎవరి పేరున ఉందో వాళ్ళే రావాలన్నారు. గొడుగు కింద అమ్మినవాడు ఎవరో రాజాంవాడి గుర్తింపు కాగితం పెట్టి అమ్మాడట. ఆ రాజాం మనిషి ఎవరో, ఎక్కడున్నాడో ఈశ్వర్ ఎంత తిరిగినా తేలలేదు. వానలకి వెరావల్ నుంచి తిరిగొచ్చినవాళ్ళని అడిగితే, గోవింద్ అక్కడి బోటు మానేశాడనీ, మంగళూరు వైపు పోయాడనీ చెప్పారు.

లక్ష్మణమ్మకి కొత్త నంబరు వచ్చింది. దాన్ని ఆమె ఎవరికీ చెప్పేది కాదు. తట్ట దించే ఊళ్ళలో ఎప్పుడూ కొనేవాళ్ళు అడిగినా, "ఎందుకులేమ్మా, నానే వస్తాను గదా" అనేది.

ఎల్లాజీ మాత్రం బోటు దిగినప్పుడల్లా పాత నంబరుకి చేసి చూసేవాడు. స్విచాఫ్ అని వచ్చేది. తర్వాత ఈ నంబరు వాడుకలో లేదని వస్తూంటే విసిగి కొన్ని నెలలు చేయడం మానేశాడు. 2017 ఫిబ్రవరిలో ఒక ఉదయం ఉండబట్టలేక మళ్ళీ చేస్తే మోగింది. ఎవరో మగమనిషి ఎత్తాడు. గజపతినగరంలో బట్టలు కుట్టుకునే నరసింగరావు. ఆ నంబరు తనకి కొత్తగా వచ్చి ఆరు నెలలైందన్నాడు. ఇంతకుముందు ఎవరైనా లక్ష్మణమ్మ కోసం చేశారా అని ఎల్లాజీ అడిగాడు. "సేసినాడండి, ఒకాయన" అన్నాడు నరసింగరావు.

ఎల్లాజీ ఇంక ఫోనులో వినలేకపోయాడు. రెండు బస్సులు మారి గజపతినగరం వెళ్ళాడు. నరసింగరావు కుట్టుమిషను ఆపి, బల్ల మీద చోటిచ్చి, జరిగింది జరిగినట్టు చెప్పాడు.

"దసరాల ముందర ఒకపాలి సేసినాడు. 'అప్పా' అన్నాడు. ఎవులు బావూ అని నానంటే పెట్టీసినాడు. పది రోజులకి మల్లీ సేసి, 'లచ్చనమ్మ ఉన్నాదా?' అని అడిగినాడు. ఆ పేరుగలోలు ఇక్కడెవులూ నేరన్నాను. 'ఎప్పటి నుంచి నేదు?' అన్నాడు. నాకు అర్తం కానేదు. నాకు తెల్దు బావూ, ఈ నంబరిప్పుడు నాదన్నాను. 'సరే' అని పెట్టీసినాడు."

"ఆ నంబరు..."

"నాది సిన్న ఫోనండి. ఇరవై కాల్సు దాటితే సెరిగిపోతాయి." నరసింగరావు తల దించుకున్నాడు. "ఇలగని తెలిస్తే ఆపి మాటాడుదును కదండీ."

కొలతల పుస్తకం మొదటి పేజీలో లక్ష్మణమ్మ కొత్త నంబరు రాసుకున్నాడు. మళ్ళీ చేస్తే తప్పకుండా ఇస్తానన్నాడు.

తిరుగు బస్సులో ఎల్లాజీకి ఆ ఒక్క మాటే చెవుల్లో తిరిగింది. ఎప్పటి నుంచి లేదు. అప్ప చచ్చిపోయిందనుకున్నాడు గోవింద్. ఇంట్లో చెప్పకపోతేనే మంచిదని శ్రీకాకుళం దాకా ఎల్లాజీ అనుకున్నాడు. గుమ్మంలో అడుగుపెట్టి భార్య ముఖం చూశాక దాచలేకపోయాడు. ఒక్క అక్షరం మింగకుండా అంతా చెప్పాడు.

ఆమె విని, "గొంతు ఎలగున్నాదంట?" అంది.

అది అతను అడగలేదు. ఆమే ఫోను తీసుకుని నరసింగరావుని అడిగింది. కొంచెం బొంగురుగా ఉందని చెప్పాడు. "జలుబు సేస్తే ఆడికంతే" అని ఫోను పెట్టేసింది.

"నన్ను తిట్టే. ఒక్కమాట తిట్టు" అన్నాడు ఎల్లాజీ.

"తిడితే ఏటి వస్తాది మావా."

ఆ ఏడాది నిషేధం రాగానే ఎల్లాజీ ఫోటో పట్టుకుని మంగళూరు వెళ్ళాడు. భాష రాదు. తెలుగు మాట వినిపించిన ప్రతి బోటు దగ్గరా ఆగి అడిగాడు. నెల తిరిగాడు. ఒక సీజను ఇక్కడ చేసి కేరళ వెళ్ళాడని ఒకరు, ఆ గోవింద్ వేరని ఇంకొకరు చెప్పారు. చేతిలో డబ్బులు అయిపోతే వచ్చేశాడు.

"ఆడు కొట్టించుకున్నందుకు పోనాడు మాస్టారూ. అది దెబ్బే, మానిపోను. కానీ అప్ప నేదనుకుని ఎక్కడో బతుకుతన్నాడే, అది నా సేతులారా సేసింది" అన్నాడు నాతో.

నరసింగరావుని నంబరు మార్చొద్దని బతిమాలుకున్నారు. ఆయన కూతురు వేరే కంపెనీ సిమ్ము తెచ్చినా తీసుకోలేదట. లక్ష్మణమ్మ నెలకోసారి ఆయనకి ఫోను చేస్తుంది. మొన్న నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి ఆయనతోనే మాట్లాడుతోంది. ఎల్లాజీ గుమ్మం బయట నిలబడి ఆమె ముఖం వంక చూస్తున్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. అతను వల భుజాన వేసుకుని ఒడ్డుకి దిగిపోయాడు.