వైన్ తొట్టికి అమ్మ కప్పిన దుప్పటి

మెల్బోర్న్ దగ్గర ఒక వైనరీలో ద్రాక్షతో వైన్ చేయడం నా పని. గుంటూరులో మావాళ్లకు మాత్రం ఐదేళ్లుగా ‘జ్యూస్ కంపెనీ’ అనే చెబుతున్నాను.

ద్రాక్ష కోతల రోజులు కదా, సెలవు దొరక్క, నన్ను చూడ్డానికి గుంటూరు నుంచి వచ్చిన అమ్మను కూడా ఈ రోజు పనికి తీసుకెళ్లాను. చలికి ఒక తొట్టిలో రసం మూడు రోజులుగా పులియడం లేదు.

అమ్మ తొట్టి మీద చెయ్యేసి చూసింది. "ఈ చలికి దోసెల పిండే పొంగదు, ఇదేం పొంగిద్దిరా?" అంటూ కారులో ఉన్న నా దుప్పటి తెచ్చి కప్పేసింది.

సాయంత్రానికి తొట్టి నిండా నురగ! మా బాస్ ఆమెకు రెండు చేతులూ జోడించాడు.

ఇంటికొచ్చాక అమ్మ ఫోన్లో పిన్నితో, "మావాడి సారా పొంగకపోతే నేనే పొంగించానే!" అంది.

అప్పటినుంచి బాబాయిలు ఒక్కొక్కరే ‘ఆ జ్యూస్ మాక్కూడా తేరా’ అని మెసేజ్‌లు పెడుతున్నారు. మీ ఉద్యోగం గురించి మీరు ఇంట్లో ఏం చెప్పారు?