కరెంటు వస్తే మిస్డ్ కాల్

గుగులోతు శారద మహబూబాబాద్‌లో ఓ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేది. క్లాసు మొదటి రోజునే పిల్లలకు ఒక మాట చెప్పి తీరేది: "ప్రోగ్రాం ఒక్కసారి రాయాలె. ఏ కంపెనీ ఫోన్ల ఏసినా నడవాలె." ఆ మాట మీద ఆమెకు వేదమంత నమ్మకం. ఆ నమ్మకాన్ని కంప్యూటర్ ముఖం ఎరగని ఓ ముసలాయన సరిదిద్దాడు. ఆయన పేరు తలుచుకుంటే శారద ఇప్పటికీ చేతులు జోడిస్తుంది.

అది సకల జనుల సమ్మె జరిగిన ఏడాది. కాలేజీకి తాళం పడింది, బస్సులు డిపోల్లోంచి కదల్లేదు. శారద ఎవరి బండో పట్టుకుని గూడూరు పక్కనున్న తమ తండాకు వచ్చేసింది. అటు భూపాలపల్లిలో బొగ్గు బావులు ఆగాయి, బొగ్గు లేక ఇటు కరెంటు ఆగింది. తండాలో ఒక్కరు కూడా సమ్మెను తిట్టలేదు. "మనోళ్ళే జేస్తున్నరు, మన కోసమే జేస్తున్నరు" అనుకున్నారు. అయితే పొట్ట మీదున్న వరికి రాష్ట్రం సంగతి చెప్పి ఆగమనలేం కదా! దానికి నీళ్ళు కావాలి. నీళ్ళకు మోటారు తిరగాలి. ఇంట్లో బల్బుకు ఒక్క ఫేజు చాలు గానీ, మోటారుకు మూడు ఫేజుల కరెంటు రావాలి. అది ఓ రోజు పొద్దున వచ్చేది, ఓ రోజు మిట్టమధ్యాహ్నం వచ్చేది, ఓ రోజు అసలే రాదు. వస్తే రెండు మూడు గంటలు ఉంటుంది. కరెంటు రాగానే మోటారు దానంతటదే లేచే పెట్టెలు బజార్లో ఉన్నాయి గానీ, అందరి మోటార్లూ ఒక్కసారే లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుందని తండావాళ్ళు వాటిని వద్దనుకున్నారు. కాబట్టి మనిషే పోవాలి, వంతు ప్రకారం మోటారు వేయాలి.

శారద తండ్రి బాల్‌సింగ్ రోజుకు పదిసార్లు పోయేవాడు. పోయి, స్టార్టర్ డబ్బా పక్కన ఒడ్డు మీద కూర్చునేవాడు. కిందటేడు అలా కూర్చున్నప్పుడే పాము కరిచింది. పన్నెండు రోజులు మహబూబాబాద్ దవాఖానలో ఉండి బతికి బయటపడ్డాడు గానీ ఎడమ కాలు పట్టు తప్పింది. కాలు ఈడ్చుకుంటూ, కట్టె పట్టుకుని, మళ్ళీ అదే ఒడ్డు మీద కూర్చునే తండ్రిని చూస్తే శారద ఉండబట్టలేకపోయేది.

"బాపూ, కరెంటు అచ్చినంక పోరాదు?" అంటే, "అచ్చినట్టు నాకెవ్వలు జెప్తరు బిడ్డా?" అనేవాడు. వాళ్ళింట్లో మాటలు తండా భాషలోనే నడుస్తాయి. ఏ భాషలో విన్నా ఆ ప్రశ్న శారదను వదల్లేదు.

జవాబు తయారుచేయాలని కూర్చుంది. తండా చేలకు మూడు ట్రాన్స్‌ఫార్మర్లు. తన టచ్ ఫోనూ, కాలేజీ వాళ్ళను అడిగి తెచ్చుకున్న పాత ఫోన్లు రెండూ కలిపి మూడు ఫోన్లు కుదిరాయి. మూడూ మూడు కంపెనీలవి. తండాలో మోటార్లు బాగుచేసే చత్రు ప్రతి ట్రాన్స్‌ఫార్మర్ కింద ఒక డబ్బా బిగించి, మూడు ఫేజులూ వస్తేనే కరెంటు పారేలా అందులో సాకెట్ పెట్టాడు. సాకెట్‌కు ఛార్జర్, ఛార్జర్‌కు ఫోను. ఛార్జర్‌లోకి కరెంటు రాగానే ఆ ఫోను, ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింది రైతులందరికీ ఒకరి తర్వాత ఒకరికి మిస్డ్ కాల్ ఇస్తుంది. చదువు రానివాళ్ళకూ అర్థమవుతుంది, పైసా ఖర్చు లేదు. ప్రోగ్రాం ఒక్కటే, మూడు ఫోన్లలోనూ నడిచింది. శారద కాలర్ ఎగరేయలేదు గానీ, ఉంటే ఎగరేసేదే.

మొదటి రోజు వచ్చిన చిక్కల్లా బాల్‌సింగ్‌తోనే. ఫోను మోగితే ఎత్తకపోవడం ఆయన దృష్టిలో మర్యాద కాదు. ఎత్తి, "హలో, ఎవలు? మంచిగున్నరా?" అని రెండు నిమిషాలు ట్రాన్స్‌ఫార్మర్‌తో మాట్లాడాడు. ఆయన తర్వాతి వాళ్ళంతా తమ కాల్ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు. రెండోరోజు బిడ్డ కూర్చోబెట్టి నేర్పాక ఎత్తడం మానేశాడు. మూడోరోజు కట్టె గోడకు ఆనించి, మంచం మీద నడుం వాల్చాడు. శారద ఆ కట్టె వంక చూసి ఎంత సంబరపడిందో చెప్పలేం.

మూడోరోజు సాయంత్రం పోయిన కరెంటు నాలుగోరోజు అసలే రాలేదు. నలభై గంటలు దాటాయి. ఐదోరోజు మధ్యాహ్నం వచ్చి, రెండు గంటలుండి పోయింది. ఒక్క ఫోనూ మోగలేదు. అందరూ ఫోన్ల మీద నమ్మకంతో ఇళ్ళలో కూర్చున్నారు. చత్రుది చెలక ఒడ్డున ఎత్తు మీదున్న మడి. వంతు అందక, నాలుగు రోజులుగా తడి లేక అప్పటికే నెర్రెలు బారింది. ఆ రెండు గంటలూ పోవడంతో అర ఎకరం పొట్ట మీదనే తాలు పోయింది.

చత్రు తిట్టలేదు, అదే ఇంకా బాధ. వాకిట్లోకి వచ్చి, "శారదా, నీ ఫోన్లు నువ్వు తీస్కపో బిడ్డా. మా కాళ్ళే మాకు నయం" అని వెళ్ళిపోయాడు. బాల్‌సింగ్ మంచం దిగాడు. గోడకు ఆనించిన కట్టె తీసుకుని ఒడ్డుకు నడిచాడు.

శారద డబ్బాలు తెరిచి చూస్తే మూడు ఫోన్లూ బ్యాటరీ అయిపోయి చచ్చి ఉన్నాయి. కరెంటు వచ్చాక లేవాలన్నా ఎవరో ఒకరు మీట నొక్కాలి. చత్రు ఇంటిముందు నుంచి నడవడానికి ముఖం చెల్లక చుట్టూ తిరిగి ఇల్లు చేరింది.

మర్నాడు ఆమె చింతమొద్దు మీద ఫోన్లు పరుచుకుని కూర్చుని ఉండగా నీరటి పోశాలు వచ్చాడు. పక్క ఊరాయన. ఒకప్పుడు చెరువు తూము తిప్పి, ఎవరి మడికి ఎప్పుడు నీళ్ళో పంచి, ఇంటింటికీ పిలుపు చెప్పిన మనిషి. బోర్లు వచ్చాక ఆ పిలుపుతో ఎవరికీ పని లేకుండా పోయింది. అయినా ఆయనకు చేల మీద ఒక చుట్టు తిరగనిదే అన్నం సయించదు.

"ఏందో పరేషాన్‌ల ఉన్నవు?" అన్నాడు.

శారద చెప్పింది. ప్రోగ్రాం రాసింది అన్ని ఫోన్లకూ పనికొచ్చే ఉమ్మడి భాషలో. ఛార్జర్‌లోకి కరెంటు వచ్చిందో లేదో ఫోనుకు తెలుసు గానీ, ఫోను సొంత భాష ప్రోగ్రాంకు రాదు. మధ్యలో ఒక దుబాసీ ఉంటుంది. ప్రోగ్రాం రెండు సెకన్లకోసారి దుబాసీని అడుగుతుంది, దుబాసీ ఫోనును అడుగుతుంది, లేదన్న జవాబు మళ్ళీ మోసుకొస్తుంది. ఇట్లా రాత్రీపగలూ అడిగి అడిగి బ్యాటరీ కాస్తా హరించుకుపోయింది.

"అడగందే అమ్మైనా పెట్టదంటరు గద తాతా. అందుకే అడిగిపిచ్చిన" అంది.

పోశాలు బోసినోటితో నవ్వాడు. "రెండు నిమిషాలకోసారి అన్నం అన్నం అంటె అమ్మ గూడ గరిటె ఇసిరేస్తది బిడ్డా. నేను నీరటితనం జేసిన్నాడు, నీళ్ళొచ్చినయా, నీళ్ళొచ్చినయా అని కాలువ పొంటి ఉరికిన్ననుకున్నవా? ఉరికితె రెండో దినమే సచ్చేటోణ్ని. కాలువల ఖాళీ డబ్బా కట్టి, ఒడ్డు మీద ఒరిగేటోణ్ని. నీళ్ళొస్తె డబ్బానే పోయి రాయికి కొట్టుకుంటది. ఆ సప్పుడుకు లేస్త, లేశి పిలుపు జెప్త. పని నీళ్ళది. నాదేముంది?"

శారద చేతిలోని ఫోను కింద పెట్టింది. "అన్ని కాలువలకు డబ్బానేనా తాతా?"

"యాడిది! పెద్ద కాలువకు డబ్బా. సన్నకాలువల డబ్బా పట్టదు, దానికి సొరకాయ బుర్ర. ఇసుక కాలువల రెండూ నిలువవు, దానికి మోదుగాకు కట్టిన గజ్జె. ఏ కాలువ గుణం దానిది. పిలుపు మాత్రం అందరికీ ఒక్కటే."

తాను క్లాసులో ఐదేళ్ళుగా చెబుతున్న పాఠంలో సగం లేదని శారదకు అప్పుడు తెలిసింది. పిలుపు ఒక్కసారే రాయొచ్చు. డబ్బా మాత్రం ఏ ఫోనుకు ఆ ఫోను గుణంతోనే కట్టాలి. కరెంటు వచ్చిన క్షణాన తానే చెప్పడం ప్రతి ఫోనుకూ పుట్టుకతో వచ్చిన విద్య. ఆ విద్యను వాడుకోకుండా ఆమె దుబాసీని పెట్టి సతాయించింది. సిగ్గేసింది, సిగ్గును మించి సంతోషం వేసింది. లేచి ఆయన కాళ్ళకు మొక్కబోతే, "చాయ పొయ్యి, చాలు" అన్నాడు.

ఆరు రోజులు పట్టింది. మూడు ఫోన్లకు, వాటి వాటి సొంత భాషల్లో, మూడు చిన్న ముక్కలు రాసింది. ప్రోగ్రాం ఇక అడగదు, నిద్రపోతుంది. ఛార్జర్‌లోకి కరెంటు రాగానే ఆ ముక్క ఒక్కసారి దాన్ని తట్టి లేపుతుంది. అప్పుడు అది పిలుపు మొదలుపెడుతుంది. ఛార్జర్ పీకేసి పెడితే అన్నింటికంటే పాత ఫోను కూడా నాలుగు రోజులు బతికింది.

ఇక మిగిలింది మనుషులు. శారద ముందుగా చత్రు వాకిట్లోకే పోయింది. "కాకా, నీ పంట పోవుడు నా తప్పే. ఇంకొక్కసారి డబ్బాల పెట్టనియ్యి. ఎవల్నీ ఇంట్ల కూసోమన. మా బాపునొక్కణ్నే కూసోమంట."

చత్రు బీడీ నేలకు రాసి ఆర్పాడు. "పెట్టు. నేనైతె ఒడ్డు మీదనే ఉంట" అన్నాడు.

బతుకమ్మ పండుగ దాటిన మర్నాడు కరెంటు పోయింది. ఈసారి యాభై గంటలు రాలేదు. బాల్‌సింగ్ బిడ్డ మాట కాదనలేక గడపలో కూర్చున్నాడు. కట్టె మాత్రం ఒడిలోనే ఉంది. శారద ఆయన ఎదురుగా కూర్చుంది. మళ్ళీ మోగకపోతే ఆ కట్టె పట్టుకుని పోయే తండ్రిని ఇక జన్మలో ఆపలేనని ఆమెకు తెలుసు.

మధ్యాహ్నం దాటాక, దూరంగా, తండా కొసనున్న కట్టమ్మ ఇంటి దిక్కు నుంచి ఒక కేక వినిపించింది. "కరెంటొచ్చిందోయ్! కట్టమ్మా, నీ వంతే ముందు!" కట్టమ్మకు ఫోను లేదు. ఆ కేక ఇంకో ఇంటికి సాగేలోపు బాల్‌సింగ్ జేబులో ఫోను మోగింది. ఆయన ఎత్తలేదు. మోగి ఆగేదాకా దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత కట్టె గోడకు ఆనించి, "ఇంక నా వంతు రానీ, మెల్లగ పోత" అన్నాడు. శారదకు ఏడుపు ఆగలేదు.

ఒడ్డు మీదున్న చత్రు కరెంటు వచ్చిందని చెప్పడానికి పరుగున వచ్చేసరికి పోశాలు ఫోను లేని ఇళ్ళన్నీ పిలిచేసి, తండా మధ్యలో రొప్పుతూ నిలబడి ఉన్నాడు.

"పోశాలన్నా, నీకు మోటారు లేదు, మడి లేదు. నీకెట్ల తెల్సింది?" అన్నాడు చత్రు.

పోశాలు అంగీ జేబులోంచి అరిగిన ఫోను తీసి చూపించాడు. శారద రాసిన జాబితాలో మూడు ఫోన్లలోనూ మొట్టమొదటి నంబరు ఆయనదే.

"నీరటోణ్ని గద" అన్నాడు. "ముందుగాల నాకే తెల్వాలె."